కొండకు బాట వేసిన మేధావి – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

శేషాచల శిఖరాలపై వెలసిన శ్రీవేంకటేశ్వరుని దర్శించడానికి శతాబ్దాల పాటు భక్తులు కాలినడకనే కొండ ఎక్కారు. అలిపిరి నుండి ఒక మెట్లదారి, చంద్రగిరి వైపు నుండి శ్రీవారిమెట్టు అనే మరొక దారి ఉండేవి. శక్తి గలవారు నడిచేవారు. వృద్ధులను, రోగులను డోలీలలో కూర్చోబెట్టి కూలీలు భుజాలపై మోసేవారు. డోలీకి డబ్బు ఇచ్చుకోలేని నిరుపేద ముదుసలికి కొండ అందని శిఖరమే. ఈ లోటును తీర్చిన ఘాట్ రోడ్డు రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వికులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. వారు మైసూరు సంస్థానానికి వలస వెళ్ళగా, చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దేనహళ్ళిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు విశ్వేశ్వరయ్య జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయినా చదువు మానలేదు. బెంగుళూరులో బి.ఏ., పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి తాను రూపొందించిన స్వయంచాలక తలుపులను అమర్చి పేరు పొందారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తగా, ఆ నగర రక్షణకు జలాశయాలు నిర్మించాలని సూచించారు.

ఖరీదైన సామగ్రి ఉంటేనే గట్టి కట్టడం సాధ్యమన్న భ్రమ ఆయనకు లేదు. 1911లో కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణం ఆరంభమైనప్పుడు సిమెంటు ఎక్కువగా విదేశాల నుండి రావలసి ఉండేది. అంత వ్యయం సంస్థానానికి భారం. అందువల్ల సున్నంలో ఇటుకపొడి కలిపి తయారుచేసే సుర్కీతో రాతికట్టడాన్ని నిర్మించారు. ఈ మిశ్రమం నీటిలో సైతం గట్టిపడుతుంది. చేతికి అందే పదార్థపు గుణం తెలిసినవానికి పేదరికం అడ్డంకి కాదని ఆ ఆనకట్ట నేటికీ నిరూపిస్తున్నది. 1912 నుండి 1918 వరకు ఆయన మైసూరు దివానుగా పనిచేశారు.

తిరుమల బాట మరొక విధమైన పరీక్ష. అక్కడ అడుగున నల్లరాయి, దానిపై క్వార్ట్‌జైట్ అనే కఠినశిల ఉన్నాయి. ఈ రెండింటి వయస్సుల మధ్య కోట్ల సంవత్సరాల అంతరమున్నట్లు భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అట్టి కొండను నిటారుగా ఎక్కే బండి ఉండదు. కాబట్టి దారిని మలుపులు తిప్పి, వాలు తగ్గించి, కొంచెం కొంచెంగా ఎత్తుకు చేర్చాలి. కొండదారికి కావలసిన సామగ్రి కొండలోనే ఉంటుంది. తొలిచినప్పుడు వచ్చిన పెద్దరాయి లోయవైపు గోడకు, చిన్నరాయి కంకరకు పనికివస్తుంది. చిన్న కంకరను పొరలుగా పరచి అణచివేస్తే ముక్కకు ముక్క పట్టు చిక్కి బాట బిగుస్తుందని స్కాట్లండు దేశీయుడు మెకాడం పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలోనే చూపాడు. అయితే బాటకు నీరే ప్రధాన శత్రువు. వాననీరు నిలిస్తే ఎంత మంచి కంకర అయినా కొట్టుకొనిపోతుంది. అందుకే బాటకు తగిన వంపు, కొండవైపు కాలువ, దారి కింద తూములు తప్పనిసరి. వీటిపై పెట్టే ఖర్చును మిగుల్చుకోవడం పొదుపు కాదు, నష్టం.

1944 ఏప్రిల్ 10న ఆ ఘాట్ రోడ్డు ప్రారంభమైంది. అప్పటికి విశ్వేశ్వరయ్య ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధులు. 1970వ దశకంలో రెండవ రోడ్డు ఏర్పడిన తరువాత, మొదటిది కొండ దిగే దారి అయింది.

1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది. నిండు నూరేళ్ళు జీవించి 1962లో ఆయన కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నది. ప్రాంతాన్ని, ప్రకృతిని, ప్రజల అవసరాన్ని ఎరిగి చేసిన పని తరతరాలు నిలుస్తుందనడానికి విశ్వేశ్వరయ్య జీవితమే నిదర్శనం. నడవలేని వృద్ధురాలు సైతం బస్సులో కొండ చేరి స్వామిని కనులారా చూడగలగడమే ఆ కృషికి దక్కిన సార్థకత.