మార్పు చేప ఊపిరిని గుర్తించిన వైద్యుడు ఫ్రాన్సిస్ డే

రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర ప్రవహిస్తున్నాయి. ఈ రెండు నదుల నడుమ నేలలో తొలివానలకు చెరువులు నిండి అలుగులు పారేవేళ, నీరు విడిచి తడిగడ్డి మీద పాకే ఒక నల్లని చేప కనిపిస్తుంది. దానికి పొలుసులు ఉండవు. నోటి చుట్టూ నాలుగు జతల మీసాలుంటాయి. తెలుగువారు దానిని మార్పు అంటారు. బిందెలో వేసినా, బానలో వేసినా, నేడు కొందరు ఇళ్లలో ఉంచుకునే గాజుతొట్టెలో వేసినా అది బతుకుతుంది. మిగిలిన చేపలు చచ్చిపోయే మురికినీటిలోనూ మార్పు ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు ప్రయోగం చేసి సమాధానం వెదికిన వారిలో ఫ్రాన్సిస్ డే ముఖ్యుడు. ఆయన వృత్తిచేత వైద్యుడు. భారతదేశపు చేపల శాస్త్రానికి పునాది వేసిన వారిలో ఒకరిగా నిలిచిపోయారు.

బాల్యం, వైద్యవిద్య

డే 1829 మార్చి 2న ఇంగ్లండులోని సస్సెక్స్ ప్రాంతంలో, మేర్స్‌ఫీల్డ్ గ్రామంలో భూవసతి గల కుటుంబంలో జన్మించారు. లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో వైద్యం అభ్యసించి, 1852లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు రాజధానికి సహాయ శస్త్రవైద్యునిగా వచ్చారు. వచ్చీరాగానే రెండవ బర్మా యుద్ధంలో పనిచేయవలసి వచ్చింది.

ఆయన నౌక ఎక్కిన రోజుల్లోనే ఇంగ్లండులో గాజుతొట్టెలో చేపలను పెంచే ముచ్చట ఇంటింటికీ పాకుతోంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల గృహం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ గాస్ వ్రాసిన గ్రంథంతో అక్వేరియం అనే మాట జనం నోట నిలిచిపోయింది. తొట్టెలో మొక్కలు వేస్తే అవి నీటికి ప్రాణవాయువును అందిస్తాయని, ఆ నీటితోనే చేపలు బతుకుతాయని అక్కడివారు గ్రహించారు. కాని మన దేశపు మార్పు, ఇంగిలాయి, కొరమీను వంటివి ఆ లెక్కకు లొంగే చేపలు కావు. ఆ సంగతి తేల్చడం డే వంతు అయింది.

కొచ్చిన్ నుండి తుంగభద్ర దాకా

1850 దశకం చివర డేకు కొచ్చిన్‌లో ఉద్యోగం దొరికింది. ఆ సంస్థానపు చరిత్రపై ఒక గ్రంథాన్ని 1863లోను, మలబారు చేపలపై మరొక గ్రంథాన్ని 1865లోను వెలువరించారు. వైద్యునిగా రోగులను చూస్తూనే, తెల్లవారుజామున సంతలకు వెళ్లి బుట్టల్లోని చేపలను పరిశీలించడం ఆయనకు నిత్యకృత్యమైంది. నీలగిరి కొండల చల్లని వాగుల్లో ఇంగ్లండు చేపలను పెంచాలని 1860 దశకంలో ప్రయత్నించారు. ట్రౌట్ గుడ్లను ఓడలో అంతదూరం సజీవంగా తేవడం సాధ్యపడలేదు. ప్రాణంతో ఉన్న చేపను ఒకచోటి నుండి మరొకచోటికి తరలించడం ఎంత కష్టమో ఆ వైఫల్యం ఆయనకు నేర్పింది.

తెలుగునాటి చేపలూ ఆయన చేతికి వచ్చాయి. కర్నూలు వద్ద తుంగభద్రలో దొరికిన చేపలను 1868 నాటి వ్యాసాల్లో వర్ణించారు. నాడు నదికి ఇవతల కర్నూలు మద్రాసు రాజధానిలో ఉండగా, అవతలి రాయచూరు నిజాం ఏలుబడిలో ఉండేది. ఏటికి ఎగువన, దిగువన పాలకులు మారినా చేపలకు సరిహద్దు లేదు. కర్నూలు రేవులో పడిన జాతులే రాయచూరు సీమ మడుగుల్లోనూ ఈదేవి.

గాజుపాత్రలో పరీక్ష

ఆ రోజుల్లో చేపల శాస్త్రం ఎక్కువగా సారాయిసీసాల శాస్త్రం. దూరదేశాల నుండి సీసాల్లో నిల్వచేసి పంపిన చేపల ముళ్లు, పొలుసులు లెక్కించి పేర్లు పెట్టేవారు. చచ్చిన చేప ఆకారాన్ని చెప్పగలదు గాని, ఎలా బతికిందో చెప్పలేదు. డే చేపలను సజీవంగా నీటిపాత్రల్లో ఉంచి గమనించారు. అలాంటి చేపలు మధ్యమధ్య నీటి పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగి మళ్లీ అడుగుకు దిగడం చూసి, అది అలవాటా, అవసరమా అని ప్రశ్నించుకున్నారు.

ఆయన చేసిన పరీక్ష చాలా సులువైనది. పాత్రలో నీటి ఉపరితలానికి కొంచెం దిగువన వల అడ్డంగా కట్టి, చేప పైకి రాకుండా చేశారు. నీరు మంచిదే అయినా, గాలి అందని చేపలు కొద్దికాలానికి ఉక్కిరిబిక్కిరై చనిపోయాయి. మరోవైపు, ఇవే జాతుల చేపలు నీరు లేకున్నా తడి ఆరకుండా చూస్తే చాలాసేపు బతుకుతాయి. అంటే వీటికి మొప్పలు ఒక్కటే చాలవు, మనిషివలె గాలిని కూడా నేరుగా పీల్చుకోవాలి. ఈ ఫలితాలను 1868లోను, ఆ తరువాత 1870 దశకంలోను లండన్ శాస్త్రసంఘాల పత్రికల్లో ప్రకటించారు.

మార్పు మొప్పలగదిలో చెట్టుకొమ్మలవలె చీలిన ఎర్రని అవయవం ఉంటుంది. గాలిలోని ప్రాణవాయువును రక్తంలోకి చేర్చేది అదే. ఇంగిలాయికి వీపు పొడవునా లోపల రెండు గాలిగొట్టాలుంటాయి. రొమ్ముముల్లు విషపూరితం కావడంతో కన్నడిగులు ఇంగిలాయిని తేలుకు పోల్చి చేళు మీను అంటారు.

ఇంటి తొట్టెలో ఈ చేపలను పెంచేవారికి డే పరీక్షే మొదటి పాఠం. తొట్టెను అంచు దాకా నింపరాదు. నీటికి, మూతకు మధ్య నాలుగువేళ్ల గాలి ఉండాలి. మూత గట్టిగా ఉండాలి, లేకుంటే రాత్రివేళ చేప బయటికి పాకుతుంది. అడుగున పదునైన రాళ్లు వేస్తే మీసాలు తెగుతాయి కనుక మెత్తని ఇసుకే మేలు. పగలు దాగేందుకు కుండపెంకో, గొట్టమో ఉంచి, మేత సందెవేళ వేయాలి. చిన్నచేపలను అదే తొట్టెలో వేస్తే తెల్లారేసరికి మిగలవు. చేప గాలి పీల్చి బతుకుతుందని నీరు మార్చకుండా వదిలేయడం కూడా తప్పే. ఓర్చుకోవడం వేరు, సుఖంగా ఉండడం వేరు.

వలకన్ను మీద విచారణ

1867లో గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ ఒక సందేహం లేవనెత్తారు. తాము కట్టిన కట్టలు చేపల రాకపోకలను అడ్డుకుని మత్స్యసంపదకు కీడు చేస్తున్నాయేమోనన్నది ఆయన ఆందోళన. ఆ విచారణ డేకు అప్పగించారు. కొల్లిడం ఆనకట్టల వద్ద ప్రారంభమైన పని దేశమంతటికీ విస్తరించింది. 1871లో ఆయన భారత, బర్మా దేశాల మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు.

ఊరూరా తిరిగి సేకరించిన సమాచారంతో 1873లో మంచినీటి చేపలపై నివేదిక సమర్పించారు. గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే తల్లిచేపలను కట్టల కింద గుంపుగా పట్టేస్తున్నారని, దోమతెరవంటి సన్నకన్ను వలలతో వేలెడు లేని పిల్లలను సైతం ఊడ్చేస్తున్నారని, వేసవి మడుగుల్లో విషం కలిపి ఒక్కసారిగా చంపుతున్నారని అందులో చూపారు. వలకన్నుకు కనీస పరిమాణం నిర్ణయించాలని, ఆనకట్టలకు చేపలదారులు ఏర్పరచాలని కోరారు.

అధికారులలో చాలామందికి ఇది రుచించలేదు. సంతలో రెండు కాసుల చేప కొనుక్కునే పేదవాని కూడు మీద చట్టం పడుతుందని అభ్యంతరం చెప్పారు. అది పూర్తిగా తోసిపుచ్చదగిన మాట కాదు. ఏటి మీద బతికే బెస్తవానికి వల మానుకొమ్మని చెప్పిన ప్రభుత్వం, ఆ పూట గంజికి దారి చూపలేదు. డే జీవించి ఉండగా ఆ చట్టం రానేలేదు. 1897లో భారత మత్స్యచట్టం వచ్చి, నీటిలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నేరంగా ప్రకటించింది. అప్పటికి ఆయన గతించి ఎనిమిదేళ్లయింది.

తెలుగు పేర్లకు దక్కిన చోటు

ఆయన జీవితకృషి భారతదేశపు చేపలు అనే బృహద్గ్రంథం. 1875 నుండి 1878 వరకు నాలుగు భాగాలుగా వెలువడిన ఈ గ్రంథంలో దాదాపు 200 చిత్రపటాలున్నాయి. ప్రతి జాతి వర్ణన చెంత ఆయా ప్రాంతాల వాడుకపేర్లను చేర్చారు. హిందుస్తానీ, తమిళ, ఒరియా పేర్ల సరసన తెలుగు పేర్లు కూడా అచ్చయ్యాయి.

ఈ పద్ధతికి ముందే బాట వేసినవారు విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్. 1803లో ప్రకటించిన 200 చేపల గ్రంథంలో ఆయన జాలరుల నోటి తెలుగు పేర్లనే శీర్షికలుగా వాడారు. మన వాలుగ చేప ప్రపంచమంతటా వల్లాగో అనే శాస్త్రనామంతో పిలవబడడం ఆ తెలుగుమాట పుణ్యమే. అయితే చేపల పేర్లు గ్రంథాలకు ఎక్కాయి గాని, వాటిని పట్టి తెచ్చి, పేరు చెప్పి, అలవాట్లు వివరించిన బెస్తల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. ఆ జ్ఞానంలో సగం వారిదే.

కలహం, చివరి రోజులు

1877లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు చేరిన డేకు అక్కడ మరొక పోరు ఎదురైంది. బ్రిటిష్ మ్యూజియంలో చేపల విభాగాధిపతి ఆల్బర్ట్ గుంథర్‌కు, ఆయనకు పొసగలేదు. గుంథర్ సీసాల్లోని నమూనాలను చూసి నిర్ణయించిన జాతులను, నదుల వెంట తిరిగిన డే తప్పుపట్టేవారు. ఆ వైరం ఫలితం విచిత్రమైనది. 1883లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ మత్స్యప్రదర్శనలో భారత విభాగాన్ని నిర్వహించిన డే, తన సేకరణలో పెద్దభాగాన్ని సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంకు ఇచ్చివేశారు. మరికొన్ని నమూనాలు కలకత్తా, లైడెన్ నగరాలకు చేరాయి. బ్రిటిష్ మ్యూజియంకు కూడా చివరికి కొంత అందింది. నేడు మన ఏటి చేప అసలు నమూనాను చూడదలచిన పరిశోధకుడు సముద్రాలు దాటవలసి వస్తోంది.

విశ్రాంతి ఆయనకు సరిపడలేదు. బ్రిటన్ చేపలపై గ్రంథాలు వ్రాశారు. స్కాట్లండులోని హౌయీటౌన్ చేపలక్షేత్రంలో సాల్మన్, ట్రౌట్ జాతులను కలిపి సంకరసంతానం పొందే ప్రయోగాలు చేశారు. బ్రిటిష్ ఇండియా జీవజాల గ్రంథమాలలో 1,400కు పైగా జాతులను వర్ణించిన రెండు సంపుటాలు 1889లో వెలువడ్డాయి. అదే ఏడాది జూలై 10న చెల్టెన్‌హామ్‌లో ఆయన కన్నుమూశారు.

నేటి మార్పు

డే చూసిన మార్పు నేడు అంత సులభంగా కనిపించదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అది అంతరించే ప్రమాదమున్న జాతిగా నమోదైంది. సన్నకన్ను వలలు, ఎండిన చెరువులు, పొలాల మందులు ఒకవైపు దెబ్బతీయగా, మరోవైపు దాని రూపంలోనే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వచ్చి చేరింది. 1990 దశకంలో దొంగచాటుగా దేశంలోకి ప్రవేశించిన ఆ చేప త్వరగా బరువెక్కుతుంది, దొరికిన ప్రతి చిన్నచేపను మింగుతుంది. 2000లో కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించినా రహస్య పెంపకం ఆగలేదు. తొట్టెలో ముచ్చటగా పెంచిన ఆఫ్రికా పిల్ల పెద్దదై ఇమడనప్పుడు చెరువులో వదలడం, ఆ చెరువులోని మార్పుకు మరణశాసనం వ్రాయడమే.

మార్పు పిల్లలను పుట్టించడం తేలిక కాదు. కొత్త వాననీరు పారే వేళ గట్టుగుంతల్లో గుడ్లు పెట్టగా, మగచేప కాపలా కాస్తుంది. కదలని తొట్టెనీటిలో ఆ ప్రేరణ కలగదు. 1957లో హీరాలాల్ చౌదురి రాగండి వంటి గండిచేపల కుటుంబపు జాతుల్లో ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించే పద్ధతిని విజయవంతం చేసిన తరువాతే, మార్పుకూ ఆ దారి తెరుచుకుంది. అయినా మగచేప నుండి వీర్యం పిండితే రాదు. దానిని కోసి తీయవలసిందే. ఒక తండ్రిచేపను బలిచ్చి సంతానాన్ని పొందే ఈ పని ఇంటి తొట్టెకు తగినది కాదు, హేచరీకే సాధ్యం.

కనుక మార్పుకు నిజమైన పురిటిల్లు వానాకాలపు చెరువే. నూట యాభై ఏళ్ల కిందట డే కోరింది కూడా అదే. ఎదురెక్కే తల్లిచేపకు దారి వదలాలి, వేలెడు పిల్లకు వలలో సందు వదలాలి. పాత్రలో వల అడ్డుకట్టి చేప ఊపిరి రహస్యాన్ని కనుగొన్న ఆ వైద్యుడు, ఏటికి అడ్డంగా కట్టిన వల ఒక జాతి మొత్తానికే ఊపిరి ఆపుతుందని హెచ్చరించి వెళ్లారు.