ఘంటసాల అంటే గీత ఒక్కటే కాదు

శంషాబాద్ (మా విలేకరి): ఊళ్లో మైకుసెట్టు మీద పొద్దున్నే భగవద్గీత వినబడితే ఎవరు పోయారని అడగడం మన పల్లెల్లో అలవాటైపోయింది. ఆ గొంతు అమరగాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావుది. శంషాబాద్ పరిసర గ్రామాల్లో నేటి పిల్లలు చాలామంది ఆయన గొంతును చావు ఇంటి దగ్గర తప్ప మరొక చోట విని ఎరుగరు. ముప్పయ్యేళ్ల పాటు ప్రేమ పాటలు, హాస్యపు పాటలు, జోల పాటలు, యుద్ధ పద్యాలు పాడిన మనిషి ఇలా ఒక్క శవయాత్రకు పరిమితమైపోవడం విచారకరం.

పాత రికార్డులు కూర్చుకోవాలని ఉత్సాహపడే యువకులు ఇటీవల మళ్లీ కనిపిస్తున్నారు. వారిలో ఎక్కువమంది మొదట కొనేది గీతనే. తరువాత ఏది కొనాలో తెలియక అక్కడే ఆగిపోతారు. గీత ఆయన జీవితంలో చివరి ఘట్టం. మొదటి నుండి ఆ జీవితం నడిచిన వరుసలోనే రికార్డులు కూర్చుకుంటే ఆ గొంతు ఎలా ఎదిగిందీ బోధపడుతుంది.

జోలె పట్టిన విద్యార్థి

ఘంటసాల 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో సూరయ్య, రత్తమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకును భుజాన ఎక్కించుకొని భజనలకు తీసుకుపోయేవారు. తండ్రి చిన్నతనంలోనే మరణించగా మేనమామ పిచ్చిరామయ్య ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు.

సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో వేలి ఉంగరం అమ్ముకొని ఘంటసాల విజయనగరం చేరారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా తీసుకోకుండా చదువు చెప్పారు. భోజనానికి మాత్రం శిష్యుడు భుజాన జోలె కట్టుకొని ఇంటింటికీ మధుకరానికి వెళ్లవలసి వచ్చింది. తరువాతి కాలంలో గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు మద్రాసులో ఘంటసాల వద్ద సంగీత సహాయకుడుగా ఏళ్ల తరబడి పనిచేయడం గమనార్హం.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్లారి అలీపురం జైలులో పద్దెనిమిది నెలలు శిక్ష అనుభవించారు. 1944 మార్చి 4న సావిత్రి గారితో వివాహమైంది. ఆ సాయంత్రం తన పెళ్లికి తానే కచేరీ చేసి బంధువులను ఆశ్చర్యపరిచారు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ఆ గొంతు విని మద్రాసు రమ్మన్నారు.

మద్రాసులో తొలినాళ్లు కష్టంగా గడిచాయి. పగలు అవకాశాల కోసం తిరిగి, రాత్రి పానగల్ పార్కులో తల దాచుకున్న రోజులున్నాయి. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు, హెచ్.ఎం.వి. రికార్డుల కంపెనీలో పేకేటి శివరాం ఆయనను ప్రోత్సహించారు.

ఎక్కడ మొదలు పెట్టాలి?

కొత్తగా కూర్చేవారు ఇక్కడే మొదలు పెట్టవచ్చు. సినిమాతో సంబంధం లేకుండా ఇచ్చిన ప్రైవేటు రికార్డులలో కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు, గురజాడ పుత్తడిబొమ్మ పూర్ణమ్మ ముఖ్యమైనవి. వీటిలో వాద్యాల హోరు తక్కువ. తెరపై నటుడూ ఉండడు. పదం ఎక్కడ విరవాలో, రాగం ఎంతవరకు తీసి ఎక్కడ ఆపాలో గొంతు ఒక్కటే చెబుతుంది. అంతకు ముందు నాటకాల్లో పద్యం పాడేవారు రాగం సాగదీస్తే జనం వన్స్‌మోర్ అనేవారు గాని అర్థం మాత్రం మరుగున పడిపోయేది. ఘంటసాల రాగాన్ని తగ్గించి అర్థాన్ని ముందుకు తెచ్చారు. చదువురాని రైతు కూడా గ్రాంథిక పద్యం విని కంటతడి పెట్టుకున్నాడంటే కారణం ఇదే.

రెండవ మెట్టు 1949 నుండి 1953 వరకు వచ్చిన సినిమా పాటలు. 1944లో సీతారామ జననం చిత్రంలో బృందంలో పాడి, చిన్న వేషం వేసిన ఘంటసాల 1949 నాటికి కీలుగుర్రం, మనదేశం చిత్రాలకు సంగీత దర్శకులయ్యారు. ఎన్.టి. రామారావు తొలిసారి తెరపై కనిపించింది మనదేశంలోనే. విజయా వారి షావుకారు 1950లో, పాతాళభైరవి 1951లో, పెళ్లి చేసి చూడు 1952లో వచ్చాయి. ఈ రికార్డులలో ఉన్నది ముప్పయ్యేళ్లయినా నిండని కుర్రవాడి గొంతు. గీత ఒక్కటే విన్నవారు పాతాళభైరవి వింటే ఇది ఆయనేనా అని అనుమానపడతారు. 1953లో సి.ఆర్. సుబ్బరామన్ సంగీతంలో వచ్చిన దేవదాసు ఆ గొంతును ఇంటింటికీ చేర్చింది.

ఇతరుల బాణీలూ కావాలి

మూడవ మెట్టులో ఆయన సంగీతం కూర్చిన చిత్రాలతో పాటు ఇతర సంగీత దర్శకుల వద్ద పాడినవి కూడా చేర్చుకోవాలి. 1957 నాటి మాయాబజార్ సంగీతం ఘంటసాలదైనా అందులో నాలుగు పాటల బాణీలు సాలూరు రాజేశ్వరరావువి. 1961లో జగదేకవీరుని కథకు పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో దర్బారీ కానడ రాగంలో పాడిన పాట నేటికీ పోటీల్లో గాయకులకు పరీక్షగా ఉంటున్నది. 1960లో శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యంలో ఆయన స్వయంగా తెరపై కూర్చుని స్వామి వారి ముందు పాడారు. 1963లో విడుదలైన లవకుశలో పాటలూ, పద్యాలూ కలిపి ఒక భాండాగారమే ఉంది. 1967 నాటి రహస్యం చిత్రం ఆడలేదు గాని, దాని సంగీతం ఆయన విద్వత్తుకు నిదర్శనం. బాక్సాఫీసు లెక్క చూసి కొనేవారు ఇటువంటివి పోగొట్టుకుంటారు.

రామారావుకు ఒక రకంగా, అక్కినేని నాగేశ్వరరావుకు మరొక రకంగా గొంతు మార్చి పాడటం ఆయన ప్రత్యేకత. ఇద్దరి పాటలు పక్కపక్కన పెట్టి వింటే ఈ తేడా తెలుస్తుంది.

సొంతంగా పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ చిత్రాలు నిర్మించినా పేరు తెచ్చింది గొంతే. 1970లో పద్మశ్రీ బిరుదు వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన సినీజీవిత రజతోత్సవం జరిగింది. 1971లో ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేశారు.

గీత చివరిది ఎందుకు?

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా ఆయనకు గుండెనొప్పి వచ్చింది. అప్పటికే చక్కెర వ్యాధి ఉంది. చాలా రోజులు ఆసుపత్రిలో గడిపారు. ఎప్పటినుంచో మనసులో ఉన్న భగవద్గీత గానం పూర్తి చేయాలన్న కోరిక ఆ మంచం మీద మరింత బలపడింది. కోలుకొని బయటకు వచ్చి దానిని పూర్తి చేశారు. శ్లోకం పాడి, దాని తాత్పర్యం తెలుగులో చెప్పే పద్ధతి ఎన్నుకోవడంతో సంస్కృతం రానివారికి కూడా అది అందింది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో తన 51వ ఏట ఆయన కన్నుమూశారు. గీత రికార్డు ఆ తరువాతనే విడుదలైంది. ఆయన దానిని వినేవారి మధ్య కూర్చుని విననే లేదు.

చావు దగ్గర వేయడానికి ఆయన దానిని పాడలేదు. చావు దగ్గరకు వచ్చి వెళ్లిన మనిషి బతికి ఉన్నవారి కోసం పాడినది అది. పుష్పవిలాపం నుండి రహస్యం దాకా విన్న తరువాత గీత పెడితే ఆ గొంతులో కుర్రతనం పోయి చేరిన నెమ్మది తెలుస్తుంది. అందుకే దానిని చివర ఉంచుకోవాలి.

కొనేటప్పుడు జాగ్రత్తలు

తొలినాటి రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క పలకలు. పక్కకు మూడు నిమిషాలకు పైచిలుకు పాట పడుతుంది. కింద పడితే ముక్కలవుతాయి. స్పిరిటుతో తుడిస్తే లక్క కరుగుతుంది, కాబట్టి మెత్తని బట్టతో తుడవడమే క్షేమం. ఒకదానిపై ఒకటి పేర్చకుండా పుస్తకాల్లాగా నిలబెట్టాలి. 45, 33 చుట్ల ప్లాస్టిక్ రికార్డులకు వాడే ముల్లు వీటికి పనికిరాదు. లేబులు మీద సినిమా పేరు, గాయకుల పేర్లు, నంబరు చూసుకొని నోటుబుక్కులో రాసుకుంటే ఒకటే రెండుసార్లు కొనే బాధ తప్పుతుంది. క్యాసెట్ల కాలంలో ఘంటసాల పాటలను వేరొకరు పాడినవి కూడా విరివిగా అమ్ముడుపోయాయి గనుక పాడినవారి పేరు తప్పక చదవాలి. సినిమాలో ఉన్న పద్యాలన్నీ రికార్డులుగా రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. యంత్రం లేనివారు ఫోనులో ఇదే వరుసలో వినవచ్చు. దానికి ఖర్చు లేదు.

2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతం రూపురేఖలు మారిపోయాయి. భూములు చేతులు మారాయి, పాత పెంకుటిళ్ల స్థానంలో అంతస్తుల మేడలు లేచాయి. ఇల్లు కూల్చే ముందు అటక మీది గ్రామఫోను పెట్టె, దుమ్ము పట్టిన పలకలు పాత సామాన్లవాడి తూకంలోకి పోతున్నాయి. లక్క పలకకు తూకంలో వచ్చేది చిల్లర డబ్బే. దాని మీద ఉన్నది కొత్త రికార్డుగా ఎన్నడూ రాని పద్యం కావచ్చు. అటక దించేవారు పలక మీద ఘంటసాల పేరు ఉందేమో ఒకసారి చూడవలసిందిగా పాఠకులకు విజ్ఞప్తి.