యల్లాప్రగడ సుబ్బారావు

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరములో 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. బాల్యమున అతనికి చదువు రుచింపలేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఒకమారు ఇల్లు విడిచి పోయెను. ఇంటివారు వెదకి వెనుకకు గొనివచ్చిరి. తండ్రి గతించిన పిదప తల్లి తన నగలనమ్మి కుమారుని చదివించెను. మూడవ పర్యాయమున గాని అతడు మెట్రిక్యులేషన్ పరీక్షలో నెగ్గలేదు.

సుబ్బారావు యౌవనమున ఆ యింటిపై పిడుగు పడెను. స్ప్రూ అను గ్రహణి వ్యాధి అతని అన్న పురుషోత్తమును బలిగొనెను. పదిదినములు తిరుగక మునుపే తమ్ముడు కృష్ణమూర్తియు అదే వ్యాధితో మరణించెను. ఈ రోగము సోకినవారికి నాలుక పూయును, విరేచనములు ఆగవు, తిన్న అన్నము ఒంట బట్టదు, రక్తము క్షీణించి మనిషి ఎముకల గూడగును. అప్పటి వైద్యులకు దాని కారణమే తెలియదు. ఇక మందెక్కడిది? కొంతకాలమునకు సుబ్బారావునకును అదే వ్యాధి సంక్రమించెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన అతడు బ్రదికెను. సోదరులను చంపిన రోగము తన్నేల విడిచెనో తెలిసికొనవలెనను తపన అతనిని వీడలేదు.

మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, సుబ్బారావు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసి వచ్చెను. మామగారి సాయముతో 1923లో అమెరికా చేరెను. ఆయన ప్రయాణమైన తరువాత పుట్టిన కుమారుడు, తండ్రిని చూడకయే పసితనమున కన్నుమూసెను. బోస్టన్‌లో పగలు చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో పరిచారకుడై పనిచేయుచు ఆయన కాలము గడపెను. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి, కండరములకు శక్తినిచ్చు ఎ.టి.పి. అను పదార్థమును కనుగొనెను. ఆ ఒక్క కార్యమే మరియొకరికి జీవితకాలపు కీర్తికి చాలియుండెడిది.

కాని ఆయన వెదకుచున్నది వేరు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, కాలేయమునందుండి రక్తమును వృద్ధిపరచు పదార్థముకొరకు సహచరులతో శ్రమించెను. 1945లో ఆ బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసెను. క్యూబా మొదలగు దేశములలో వైద్యులు దానిని స్ప్రూ రోగులకిచ్చి చూచిరి. పుండుపడిన నాలుకలు మానెను, ఆకలి పుట్టెను, రక్తము పట్టెను. పురుషోత్తము, కృష్ణమూర్తి గతించి అప్పటికి రెండు దశాబ్దములు దాటినది.

బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను ఔషధమును ఆయన బృందము కృషి ఫలితమే. 1948 ఆగస్టులో సుబ్బారావు అమెరికాలో నిద్రలోనే మరణించెను. అప్పటికాయన వయస్సు 53 ఏండ్లు. 1923లో వీడ్కొన్న భార్య శేషగిరిని గాని స్వదేశమును గాని ఆయన మరల చూడలేదు. నేడు పాఠశాలలలో బాలబాలికలకు వారమునకొకసారి ఇచ్చు ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లమును కలిసియున్నది.