అశోక చక్రవర్తి – పరాజితుల లెక్క

ఏలూరునకు ఉత్తరమున గుంటుపల్లి బౌద్ధక్షేత్రమున కళింగాధిపతిని పేర్కొను ప్రాచీన శాసనమొకటి గలదు. కళింగమనగానే మాకు అశోకుడు స్ఫురించును.

బిందుసారుని కుమారుడగు ఈ మౌర్య చక్రవర్తి పట్టాభిషిక్తుడైన ఎనిమిదేండ్లకు, సుమారు క్రీ.పూ. 261లో, కళింగమును జయించెను. విజేతలు తమ వీరులను స్మరింతురు. ఈతడు పరాజితులను లెక్కించెను. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోను గల 13వ శిలాశాసనము ప్రకారము హతులు 1,00,000, చెరగొనబడినవారు 1,50,000, ఇతరముగా మరణించినవారు అనేక రెట్లు. ఆయుధము పట్టని గృహస్థుల, బ్రాహ్మణుల, శ్రమణుల దుఃఖమును ప్రత్యేకముగా పేర్కొనెను. తన సైన్యపు నష్టమును అందు చెప్పలేదు.

అయినను కళింగమును తిరిగి యీయలేదు. కళింగమందలి ధౌలి, జౌగడలలో ఆ శాసనమును చెక్కింపలేదు. ఈ లోపమును మేము దాచము. క్రీ.పూ. 232 ప్రాంతమున ఆయన గతించెను.

విద్యార్థులారా! మనవారి మృతికి కన్నీరు తనంతట వచ్చును. ఎదుటి పక్షపు నిరాయుధులను లెక్కించుటకే ధర్మబుద్ధి కావలెను.