శామ్యూల్ కోల్టు - ప్రాచీన రివాల్వరుల సంగ్రహము

రివాల్వరు అనగానే లోకమునకు స్ఫురించు పేరు శామ్యూల్ కోల్టు. ఆ ఆయుధమును కనిపెట్టినవాడు అతడే యని సామాన్యముగా చెప్పుకొనుచుందురు. కాని ఆ యూహ తనకు ఎన్నో తరముల పూర్వమే లోకమున నున్నదని సాక్ష్యములతో చూపినవాడు కూడ ఆ కోల్టే. అతడు నానా దేశముల పాత తుపాకులను వెదకి, పరిశీలించి, సేకరించి, తన పూర్వులు చేసిన పనిని విద్వత్సభలో తానే వివరించెను. ఆయుధములమ్మి అపార ధనమార్జించిన వర్తకుని జీవితములో ఈ ఘట్టము అంతగా ప్రసిద్ధి కెక్కలేదు. అయినను అతని చరిత్రలో విద్యార్థులు ముఖ్యముగా తెలిసికొనదగినది ఇదియే.

కోల్టు 1814 జూలై 19వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున హార్ట్‌ఫర్డ్ పట్టణములో జన్మించెను. తండ్రి క్రిస్టఫర్ వర్తకుడు. బాలునకు ఏడేండ్లు నిండకమునుపే తల్లి సారా క్షయవ్యాధితో మరణించెను. పదునొకండవ యేట అతడు గ్లాస్టన్‌బరీలో ఒక రైతునొద్ద పనికి కుదిరెను. అచట దొరికిన ఒక విజ్ఞాన సంగ్రహ గ్రంథము అతని మనస్సును తుపాకిమందువైపును, విద్యుత్తువైపును త్రిప్పెను. 1829లో స్వాతంత్ర్య దినోత్సవమునాడు వేర్ గ్రామపు చెరువులో ఒక తెప్పను ప్రేల్చి చూపుదునని ప్రకటించి, చూడవచ్చిన వారినందరిని బురదనీటితో తడిపెను. పాఠశాల చదువు అతనికి ఎక్కువకాలము సాగలేదు. 1830లో తండ్రి అతనిని కోర్వో అను ఓడలో నావికునిగా కలకత్తాకు పంపెను.

ఆ ప్రయాణమే అతని జీవితమునకు మలుపైనది. ఓడలో తిరుగుచు, ఎక్కడికక్కడ నిలుచుచుండు చక్రమును చూచి, తుపాకిగుండ్ల అరలు గల చక్రమును గూడ ఆ రీతిగనే త్రిప్పి నిలుపవచ్చునని పదునారేండ్ల బాలునకు తోచినదట. అతడు కత్తితో కొయ్యను చెక్కి ఒక నమూనాను చేసెను. తిరుగుడు తుపాకులను అతడు కలకత్తాలోనే చూచియుండునని తరువాత కొందరూహించిరి. కాని దానికి నిదర్శనము లేదు.

ఇంటికి తిరిగి వచ్చిన పిదప నమూనాలు చేయించుటకు ధనము కావలసి వచ్చెను. కోల్టు తన పేరును కొంత మార్చుకొని, డాక్టరు బిరుదము తగిలించుకొని, ఊరూర నవ్వు పుట్టించు వాయువును ప్రజలకు పీల్పించి, ఆ ప్రదర్శనలవలన వచ్చిన ధనమును తుపాకి పనివారికిచ్చెను. 1835లో ఇంగ్లండునందును, 1836 ఫిబ్రవరి 25న అమెరికాయందును అతనికి పేటెంటు హక్కులు లభించెను. ఆ 1835వ సంవత్సరపు ఐరోపా యాత్రలోనే అతనికొక సత్యము తెలియవచ్చెను. తిరుగుడు అరల తుపాకిని గూర్చి ఊహించినవారిలో తాను మొదటివాడు కాడు. మరియొకడైన ఆ మాటను మరుగుపరచియుండును. కోల్టు మాత్రము దానిని మరువలేదు.

ప్యాటర్సన్ పట్టణమున 1836లో స్థాపించిన మొదటి తుపాకుల కర్మాగారము 1842లో మూతపడెను. మెక్సికోతో యుద్ధము వచ్చినప్పుడు, టెక్సాసు వీరుడు కెప్టెన్ శామ్యూల్ వాకరు సలహాతో ఆరు గుండ్ల క్రొత్త రివాల్వరు రూపొందెను. 1847లో ప్రభుత్వము వేయి రివాల్వరులు కోరెను. కర్మాగారము లేని కోల్టు వానిని ఎలీ విట్నీ కుమారుని కర్మశాలలో చేయించి యిచ్చెను. అప్పటినుండి అతని దశ తిరిగెను.

1851వ సంవత్సరమున అతని కీర్తికి రెండు పరీక్షలు కలిగెను. మొదటిది న్యాయస్థానములో. మసాచుసెట్స్ ఆర్మ్స్ కంపెనీ తన హక్కును అతిక్రమించినదని బోస్టనులో కోల్టు వ్యాజ్యము వేసెను. ఈ యూహ క్రొత్తది కాదనియు, పూర్వమే అట్టి తుపాకులున్నవనియు ప్రతివాదులు వాదించిరి. తీర్పు కోల్టు పక్షముననే వచ్చెను. కాని పాత తుపాకి యనునది న్యాయస్థానములో ఎంత బలమైన సాక్షియో అతనికి తెలిసివచ్చెను. రెండవది లండను మహాప్రదర్శనము. స్ఫటిక భవనమున అతని రివాల్వరుల యెదుట జనము గుమిగూడుచుండగా, అతడు లండను టవరులోని ఆయుధశాలకు పోయి పురాతన తుపాకులను శ్రద్ధతో పరీక్షించెను.

అట్టి ప్రాచీనాయుధములు ఐరోపాలో పలుచోట్ల కలవు. నార్వేలోని లిల్లెహామ్మర్ ప్రదర్శనశాలలో 1597 నాటి ఎనిమిది అరల తుపాకి యున్నది. లండను పనివాడు జాన్ డాఫ్టు 1680 ప్రాంతమున చేసిన ఆరు అరల తుపాకిలో సుత్తిని వెనుకకు లాగగనే చక్రము దానంతట తిరుగు నేర్పాటున్నది. జేమ్స్ పకిల్ అను ఇంగ్లీషువాడు 1718లో మూడుకాళ్ల పీటపై నిలుచు తిరుగుడు తుపాకికి పేటెంటు పొందెను. బోస్టనువాడైన ఎలీషా కోలియరు 1818లో ఇంగ్లండున చెకుముకి రివాల్వరుకు హక్కు సంపాదించెను. భారతదేశపు పనివారు గూడ చేతితో త్రిప్పు అరలు గల వత్తితుపాకులను చేసిరి. ఈ శిల్పుల నైపుణ్యమును చూచినచో నేటికిని ఆశ్చర్యము కలుగును.

మరి ఇంతటి నేర్పు గల పనివారి తుపాకులు లోకములో ఏల వ్యాపింపలేదు? ఆ ప్రశ్నకు పాత తుపాకులే సమాధానము చెప్పుచున్నవి. పెక్కింటిలో ప్రతి అరకును వేరువేరుగ నిప్పందించు మందును పెట్టవలెను. చేతితో త్రిప్పునపుడు ఆ మందు ఒలికిపోవును. అర గొట్టమునకు సరిగా ఎదురు రానిచో గుండు పట్టి ప్రేలును. ఒక అరలోని నిప్పు ప్రక్క అరకు సోకినచో అన్నియు ఒక్కసారిగా ప్రేలి, కాల్చువాని చేతికే ప్రమాదము తెచ్చును. ప్రతి తుపాకియు ఒక్కొక్క పనివాడు ఆకురాయితో అరుగదీసి చేసినది కావున, ఒకదాని భాగము మరియొకదానికి సరిపడదు. వెల రాజులు తప్ప ఇతరులు భరింపలేరు.

1851 నవంబరు 25న లండనులోని సివిల్ ఇంజనీరుల సంస్థలో కోల్టు ఒక వ్యాసమును సమర్పించెను. అందు మొదట పూర్వుల తుపాకులను ఒక్కొక్కదానిని వర్ణించి, వాని గుణదోషములను విచారించి, తరువాతనే తన పనిని చెప్పెను. మందు నింపిన చిన్న రాగిటోపీలు అప్పటికి వాడుకలోనికి వచ్చుటచే నిప్పందించు సమస్య తీరెను. టోపీల నడుమ అడ్డుగోడలు నిలుపుట, సుత్తిని లాగుటతోనే చక్రము తిరిగి బిగిసి నిలుచునట్లు చేయుట, అన్నింటికంటె ముఖ్యముగా భాగములను యంత్రములచే తయారుచేయుట, ఇవి తన కృషియని వివరించెను. ఆ వ్యాసమునకు సంస్థవారు టెల్‌ఫోర్డు పతకమునిచ్చి గౌరవించిరి. పూర్వుల పని నెత్తిచూపుటలో కోల్టునకు స్వలాభము లేకపోలేదు. పాత తుపాకుల లోపములు బయటపడిన కొలది తన తుపాకి ఘనత పెరుగును. అయినను సత్యమును దాచి పొందు కీర్తికంటె, దానిని ముందుంచి పొందిన కీర్తి నిలుకడగలది.

పిదప అతడు లండనులో 1853లో ఒక కర్మాగారమును తెరచెను. అది 1856లో మూతపడెను. హార్ట్‌ఫర్డులో నదీతీరమున 1855లో పెద్ద కర్మాగారమును కట్టించి, నీలిగోపురమును నిలిపెను. 1856లో ఎలిజబెత్ జార్విస్‌ను వివాహమాడెను. దేశము రెండుగా చీలుచుండగా, యుద్ధము ఆరంభమగు దినములవరకు అతని తుపాకులు దక్షిణ రాష్ట్రములకును పోవుచుండెను. ఈ విషయమున పత్రికలు అతనిని నిందించెను. ఆ నింద నిరాధారము కాదు. ఎన్ని ప్రాణములు తన చేతిపనిచే పోయినవను ప్రశ్న ఆయుధకర్తను ఎన్నటికిని విడువదు. 1862 జనవరి 10న, నలువదియేడేండ్ల వయస్సున కోల్టు మరణించెను.

1864లో కర్మాగారమున పెద్ద అగ్నిప్రమాదము కలిగెను. ఎలిజబెత్ దానిని మరల కట్టించెను. భర్త సేకరించిన ఆయుధములను ఆమె చెదరనీయక కాపాడి, 1905లో మరణించునప్పుడు, కళాఖండములతోపాటు, హార్ట్‌ఫర్డులోని వాడ్స్‌వర్త్ ఎథీనియమునకు వ్రాసియిచ్చెను. తన తుపాకులను, తనకు పూర్వపు తిరుగుడు తుపాకులను ఒకేచోట చేర్చి, ఒక ఆయుధము పెరిగిన క్రమమును చూపుట అతని సంగ్రహములోని విశేషము. అతని కొయ్య నమూనా భాగములు కూడ అచటనే యున్నవి.

పాత రివాల్వరులను సేకరించువారు నేడు అనేకులు గలరు. అమెరికా చట్టము 1898వ సంవత్సరాంతము వరకు తయారైన తుపాకులను ప్రాచీనములుగా పరిగణించును. 2018లో ఒక వాకరు రివాల్వరు వేలములో 18 లక్షల 40 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. వెల పెరుగుటతో నకిలీలును పెరిగెను. పాత వస్తువును వెలతో మాత్రమే తూచువానికి అందులో దొరకునది వెలయే. కోల్టు ఒక పాత తుపాకిని చేతబట్టినప్పుడు, దీనిని చేసినవాడు ఏమి తలచెను, ఎచట ఆగిపోయెను అని విచారించెను. ఆయుధముల విషయమున అతని మార్గమును మెచ్చనివారు సైతము, పూర్వుల పనిని పరీక్షించిన ఆ పద్ధతిని మెచ్చక తప్పదు. గణితమైనను, వ్యాకరణమైనను, యంత్రశాస్త్రమైనను, పూర్వులు ఆగిన చోటు తెలిసినవాడే ఆపై ఒక్క అడుగు వేయగలడు.