బందరు డాక్టరుగారి బ్యాంకు

ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగము విని, మన రాశికి ఆదాయమెంత వ్యయమెంత అని తెలుసుకొనుట మన ఆచారము. వైట్‌ఫీల్డులో కాపురమున్న మన తెలుగువారు ఇప్పుడు ఆ లెక్కను పంచాంగములో కన్న చేతి ఫోనులో ఎక్కువగా చూచుకొనుచున్నారు. షేరు ధర ఉదయమొకటి, మధ్యాహ్నమొకటి. అందుచేత సొమ్ము విషయమున నిబ్బరము చూపిన ఒక పెద్దమనిషిని గురించి ఈ సంచికకు వ్రాయదలచినాను. నేను రైల్వేలో గుమస్తాను. పదవ తరగతితో నా చదువు ముగిసినది. తప్పులున్న పెద్దలు మన్నించవలెను.

డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1880 నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామములో జన్మించినారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నది. కలిగిన కుటుంబము కాదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. ముగించి, వైద్యము చదివి, ఎం.బి.సి.ఎం. పట్టముతో బందరు చేరి వైద్యవృత్తి ప్రారంభించినారు. చేయి తిరిగిన డాక్టరని పేరు వచ్చినది. బాగుగా సాగుచున్న ఆ వృత్తిని కాంగ్రెసు పనికొరకు వదలుకొన్నారు.

ఆ రోజుల సంగతి ఒకటి చెప్పవలెను. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీసినది. తెల్లదొరల కంపెనీ, దానికేమి భయమని ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు దాచుకొన్నదంతా అందులో వేసినారు. లండనులోని భాగస్వామి ఆ సొమ్ముతో సట్టా వ్యాపారములు చేసి మునిగినాడు, అందరినీ ముంచినాడు. మద్రాసు భాగస్వామి సర్ జార్జి ఆర్బత్నాట్‌కు కఠిన శిక్ష పడినది గాని పోయిన సొమ్ము తిరిగి రాలేదు. మనవారే నడుపుకొను బ్యాంకు కావలెనను పట్టుదలతో 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టినది. 1913లో ఉత్తరాదిన, బొంబాయిలో స్వదేశీ బ్యాంకులు కూడ వరుసగా కూలినవి. బొంబాయి స్పీసీ బ్యాంకు వెండి బేరములో పడి పోయినది. కనుక మనవారి బ్యాంకు అయినంత మాత్రాన చాలదని కూడ తేలినది.

ఇన్ని కూలిన తరువాత 1923 నవంబరు 20న పట్టాభిగారు బందరులో ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించినారు. 28వ తేదీన పని మొదలైనది. అధీకృత మూలధనము పది లక్షలు, చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు. ఒక్కసారిగా ఊరూరా బోర్డులు కట్టు పద్ధతి కాదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి.

డాక్టరుకు బ్యాంకు ఎందుకని నాకు చాలకాలము తోచలేదు. డిపాజిటు వేసినవాడు ఎప్పుడైన అడుగవచ్చును. అప్పు తీసికొన్న రైతు మాత్రము ధాన్యము ఇంటికి చేరితేనే చెల్లించగలడు. ఈ రెంటి నడుమ ఉన్న కాలమును ఓర్పుతో దాటించుటే బ్యాంకు పని. అందరూ ఒకేనాడు వచ్చి అడిగితే మంచి బ్యాంకు కూడ నిలువదు. డిపాజిట్లకు ప్రభుత్వ బీమా వచ్చినది 1962లో. అంతవరకు జనుల నమ్మకమే బీమా.

ఆ నమ్మకమునకు పరీక్షలు తక్కువ రాలేదు. 1929 తరువాత ప్రపంచమంతట మాంద్యము. డెల్టాలో ధాన్యము ధర పడి రైతు శిస్తు కట్టలేని స్థితి. 1938లో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడినపుడు దక్షిణదేశమంతట డిపాజిటుదారులు బెదరినారు. బందరు బ్యాంకు నిలిచినది. పట్టాభిగారు 1942 ఆగస్టు మొదలు మూడేండ్లకు కొంచెము తక్కువగా అహమ్మదునగరు కోటలో ఖైదీగా ఉన్నారు. స్థాపకుడు చెరలో ఉన్నను బ్యాంకు నడచినది. ఇది నాకు లక్ష రూపాయల మూలధనము కన్న పెద్ద సంగతిగా తోచును.

మనవారు చాలమంది వీరిని 1939లో సుభాష్ బోసుగారి చేతిలో ఓడినవారుగా మాత్రమే ఎరుగుదురు. ఇది అన్యాయము. 1948లో మరల నిలిచి గెలిచి జయపురము కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. తరువాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న కాలధర్మము చెందినారు.

నా సంగతి కూడ చెప్పుకొందును, నవ్వకండి. మా అమ్మాయి పేరు తలచుకొని నెలకు రెండు వేల చొప్పున మూడేండ్లు ఒక మ్యూచువల్ ఫండులో కట్టినాను. 2020 మార్చి 23న, కరోనా భయముతో, సెన్సెక్సు ఒక్కనాడే నూటికి పదమూడు పాళ్లు పడినది. మా బావగారు ఆగుమన్నారు. వినలేదు, మరునాడే అమ్మివేసినాను. డెబ్బది రెండు వేలు కట్టినవాడికి యాభై వేలు చేతికి వచ్చినవి. నవంబరు నాటికి సూచీ పడకముందున్న మట్టమును దాటిపోయినది. అప్పు చేసినవాడను కాను, ఆ సొమ్ముతో తొందర లేదు. భయము తప్ప కారణము లేదు. ఆ భర్తీ కొరకు ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగబోయినాను గాని బావగారు ఈసారి ఫోను లాగుకొన్నారు. ఆ బేరము చేసిన వ్యక్తులలో నూటికి తొంబది ముగ్గురు 2022 నుండి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో నష్టపోయినారని సెబీ 2024లో లెక్క తీసినది.

నేను ఫండు అమ్మిన వారమునకే, 2020 ఏప్రిల్ 1న, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. 1980లో జాతీయము చేయబడినది కనుక అంతకు ముందే ప్రభుత్వపరము. మా నాన్నగారి పాసుపుస్తకము పెట్టెలో ఉన్నది. అట్ట మీద పాత పేరే. ఏడు వందల చిల్లర ఉన్న ఆ ఖాతా కొత్త పేరు మీద, పైసా తగ్గకుండ, వడ్డీతో నడచుచున్నది. అమ్మాయి పేరిట నెలకు రెండు వేలు మరల కట్టుచున్నాను.