తూము నుంచి మానికకి: పసేనది మహారాజు జీవితం

 

కోసల రాజ్యాన్ని ఏలిన పసేనది పేరు మీరు వినే ఉంటారు. సంస్కృతంలో ప్రసేనజిత్తు అంటారు. బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో ఈ రాజు ధమ్మంలోకి వచ్చిన సంగతి రాశారు. రాజధాని సావత్థి, అంటే శ్రావస్తి. చిన్నప్పుడు తక్కసిలలో చదువుకున్నాడు. రాణి మల్లిక పూలదండలు కట్టేవాళ్ళ ఇంటి పిల్ల. ఆమెకి ఆడపిల్ల పుట్టిందని విని మొహం చిన్నబుచ్చుకుంటే, మగపిల్లవాడి కంటే ఆడపిల్లే మేలు కావచ్చని భగవానుడు సర్దిచెప్పాడు. ఇలాంటివి ఈ రాజు జీవితంలో చాలా ఉన్నాయి. ఇప్పుడు ఆయన కంచం సంగతి మాత్రం చెప్పుకుందాం.

పసేనది పూటకి ద్రోణం బియ్యం అన్నం తినేవాడు, దానికి సరిపడా కూరలతో. పాళి కొలతల్లో ద్రోణానికి 16 నాళికలు. మన పాత లెక్కలో తూముకి 16 మానికలు కదా, అదే వరస. అందుకే ఈ కథలో ద్రోణాన్ని తూము అని, నాళికని మానిక అని అంటాను.

ఒకరోజు అలా తిని, కునుకు తీయకుండానే జేతవనానికి వచ్చాడు. ఆయాసంతో రొప్పుతున్నాడు. కూర్చుంటే నిద్ర, అటూ ఇటూ ఊగిపోతున్నాడు. పడుకుందామా అంటే ఎదురుగా భగవానుడు. బుద్ధుడు తిట్టలేదు, ఉపవాసం ఉండమనలేదు. ఒక్క గాథ చెప్పాడు. ఎరుకతో ఉంటూ తిండిలో కొలత తెలుసుకున్న మనిషికి బాధలు పలచబడతాయనీ, ముసలితనం మెల్లగా వస్తుందనీ, ఆయుష్షు నిలుస్తుందనీ దాని సారం.

ఇంతవరకూ అయితే మనకి కొత్తేం లేదు. ఇలాంటి మాట మనకి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నాకూ చెప్పారు. షుగర్ బార్డర్‌లో ఉందనగానే తెల్లారి అయిదింటికి హైస్కూల్ గ్రౌండ్‌లో నడక మొదలుపెట్టాను, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె పెట్టుకున్నాను. ఇరవై రోజులు. తర్వాత ఏదో మీటింగ్, ఏదో పెళ్ళి, అంతే. మళ్ళీ మొదలు, మళ్ళీ ఆపడం. ఇలా మూడుసార్లు. పున్నమికి అష్టశీల పట్టి మధ్యాహ్నం దాటాక ముద్ద ముట్టనివాళ్ళు, మర్నాడు రెండింతలు లాగించడం కూడా చూశాను. విన్నప్పుడు అందరికీ బాగానే ఉంటుంది. కంచం ముందు కూర్చున్నాక గుర్తుండదు.

పసేనదికి ఈ సంగతి తెలుసు. తన మీద తనకి నమ్మకం లేదు. ఆ తెలివే ఆయన్ని కాపాడిందని నా అభిప్రాయం. వెనకాల నిలబడి ఉన్న కుర్రవాణ్ణి పిలిచాడు. సంయుత్త నికాయంలో అతని పేరు సుదస్సనుడు. ధమ్మపద అట్టకథలో రాజు మేనల్లుడు, ఉత్తరుడు. ఈ గాథ నేర్చుకుని, నేను భోజనం చేసేటప్పుడల్లా చదువు అని చెప్పాడు. ఊరికే కాదు, రోజుకి 100 కహాపణాలు ఇస్తానన్నాడు. ఒకరోజు బహుమానం కాదది, ప్రతిరోజూ ఇచ్చే కూలి.

ఎప్పుడు చదవాలో అట్టకథలు వివరంగా చెబుతాయి. భగవానుడే ఆ కుర్రాడికి పద్ధతి నేర్పాడట. రాజు తినడం మొదలుపెట్టగానే చదవకూడదు. మధ్యలోనూ వద్దు. ఆకలి మీద ఉన్నవాడికి అడ్డుపడితే కోపమే వస్తుంది గానీ ఎరుక రాదు కదా. చివరి ముద్ద చేతిలోకి తీసుకున్నప్పుడు చదవాలి. రాజు విని ఆ ముద్ద వదిలేస్తాడు. అప్పుడు ఆ ముద్దలో ఎన్ని మెతుకులున్నాయో చూసి, మరుసటి వంటలో అన్ని బియ్యం గింజలు తగ్గించాలి.

చూడండి, ఎంత చిన్న పనో. తూము తినేవాడు ఒక్క ముద్ద వదిలితే కడుపుకి తెలియనే తెలియదు. కానీ రేపు వంటింట్లో ఆ ముద్దంత బియ్యం తగ్గిపోయింది. ఎల్లుండి ఇంకో ముద్ద. గాథ చదవడానికి ఒక మనిషి, బియ్యం కొలవడానికి వంటిల్లు ఉన్నాయి. రాజు చేయాల్సింది ఒక్కటే, వినగానే ఆ ముద్ద వదలడం. అలా తగ్గుతూ తగ్గుతూ మానిక బియ్యం దగ్గర ఆగాడు. అంతకి మించి తినడం లేదు. సుత్తంలో అక్కడ వాడిన పాళి మాటకి నిలబడ్డాడు, స్థిరపడ్డాడు అని అర్థం. తగ్గించాడని చెప్పి ఊరుకోలేదు, నిలిచాడని చెప్పారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తక్కువ తిను అనే మాట మన వాడల్లో అంత తేలిగ్గా లోపలికి దిగదు. మా నాయనమ్మ కిందపడిన మెతుకుని కళ్ళకద్దుకుని తినేది. కూలి గింజలతో గంజి కాచుకుని బతికిన ఇళ్ళు మనవి. కడుపునిండా తిను బిడ్డా అనడమే మన ఇళ్ళలో ప్రేమ. ఆ ప్రేమని ఎగతాళి చేసే ఆరోగ్య ఉపన్యాసం నాకు నచ్చదు. బుద్ధుడు అలా చేయలేదు కూడా. ధమ్మపదం సుఖవర్గంలో ఆరోగ్యమే గొప్ప లాభమని చెప్పే 204వ గాథకి పసేనది కథ చెబుతారు. దానికి ముందున్న 203వ గాథ ఆకలినే అన్నిటికన్నా పెద్ద రోగం అంటుంది. ఆ కథ ఆళవి ఊళ్ళో ఒక పేద రైతుది. తప్పిపోయిన ఎద్దుని వెతికి అలసి, ఆకలితో ధమ్మం వినడానికి వచ్చాడు. భగవానుడు ముందు అతనికి అన్నం పెట్టించి, తిన్నాకే బోధించాడు. పక్కపక్కనే ఉన్న రెండు గాథలు: ఆకలిగొన్న రైతుకి అన్నం, తూము తినే రాజుకి కొలత. ఇప్పుడు మన ఇళ్ళలో కూలి గింజల కాలం పోయి, రేషన్ బియ్యం, ఆఫీసు కుర్చీ, బైకు వచ్చాయి. షుగర్ కూడా వచ్చింది. బాబాసాహెబే మధుమేహంతో ఏళ్ళ తరబడి నరకం పడ్డారు. మన కంచం రైతుదా, రాజుదా అన్నది ఎవరికి వారు చూసుకోవాలి.

పసేనది ఒళ్ళు తేలికపడింది. తన చేత్తో తన ఒంటిని నిమురుకుంటూ, ఈ బతుకులోనూ పైబతుకులోనూ మేలు కలిగేలా భగవానుడు తన మీద దయ చూపాడని పొంగిపోయాడు. జింకనైనా గుర్రాన్నైనా వెంటబడి పట్టుకోగలుగుతున్నానని వచ్చి చెప్పుకున్నాడు. కూర్చుంటే ఊగిపోయిన మనిషి పరుగెత్తాడు. భిక్షువులకి బుద్ధుడు చంక్రమణం, అంటే ఎరుకతో అటూ ఇటూ నడవడం, ఎందుకు చెప్పాడో అంగుత్తర నికాయంలో ఉంది. దూరాలు నడిచే ఓపిక వస్తుంది, శ్రమ ఓర్చుకోగలరు, రోగాలు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడుస్తూ కుదిరిన ఏకాగ్రత చాలాసేపు ఉంటుంది. విహారం చుట్టూ నడవడానికి చెప్పులు కూడా అక్కర్లేదు.

రాజు జీవితం అంతా ఇలా సాఫీగా సాగలేదు. మల్లిక ముందే పోయింది. చెప్పుడు మాటలు విని సేనాపతి బంధులుణ్ణి, అతని కొడుకుల్ని చంపించాడు. ఆ తప్పు ఆయన్ని చివరిదాకా తిన్నది. 80 ఏళ్ళ వయసులో, భగవానుడిదీ అదే వయసు, మేదళుంపం అనే శాక్యుల ఊళ్ళో ఆయన్ని చివరిసారి చూడబోయాడు. గుడిసెలోకి వెళ్ళే ముందు కత్తి, తలపాగా బంధులుడి మేనల్లుడు దీఘకారాయణుడి చేతికిచ్చాడు. పాదాలకి మొక్కి బయటికి వచ్చేసరికి వాడు రాజచిహ్నాలతో వెళ్ళిపోయి, రాజకుమారుడు విడూడభుణ్ణి గద్దె ఎక్కించాడు. పసేనదికి మిగిలింది ఒక గుర్రం, ఒక దాసి. సాయం కోసం అజాతశత్రువు దగ్గరికని రాజగృహం దాకా ఆ వయసులో ప్రయాణం చేశాడు. చేరేసరికి పొద్దుపోయింది, కోట తలుపులు మూసేశారు. ఊరి బయట సత్రంలో పడుకుని ఆ రాత్రే కన్నుమూశాడు. తెల్లారాక ఆ దాసి ఏడుపు వింటే గానీ, లోపల ఉన్నది కోసల రాజని ఊళ్ళో ఎవరికీ తెలియలేదు.